పాత బ్యాట్‌కు వార్నిష్ వద్దు

సంపాదకులకు,

కెనడా చరిత్ర మ్యూజియంలో మొఫాట్ కర్ర అనే ఐస్ హాకీ కర్ర ఉంది. 1830ల నాటిది, ఒకే షుగర్ మేపుల్ కొయ్యలో చెక్కినది. 2015లో మూడు లక్షల కెనడా డాలర్లకు కొన్నారు. కొయ్యను పరీక్షించి కాలం తేల్చారు, మీద చెక్కిన పొడి అక్షరాలతో యజమానిని గుర్తించారు. ఎవరైనా దాన్ని గరుకు కాగితంతో రుద్ది ఉంటే ఆ అక్షరాలు మిగిలేవా?

1936లో ఇంగ్లండుకు భారత క్రికెట్ జట్టును నడిపించిన విజ్జీ ఊరు మన విజయనగరం. ఇక్కడి బడుల్లో, ఇళ్లల్లో పాత బ్యాట్లూ హాకీ కర్రలూ ఉంటే దయచేసి వాటికి వార్నిష్, నూనె పూయకండి. నూనె దుమ్మును పట్టి నల్లబడుతుంది, మళ్లీ వదలదు. తోలుకైతే ఇంకా చేటు.

కర్ర కింద సన్నటి పొడి రాలుతుంటే పుచ్చు పురుగు బతికే ఉందన్న అనుమానం రావాలి. పాలిథిన్‌లో గాలి లేకుండా చుట్టి, టేపు వేసి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. తీశాక ఒక రోజంతా విప్పకూడదు, విప్పితే చల్లటి కొయ్య మీద చెమ్మ దిగుతుంది. రంగు పెచ్చులు లేస్తున్న కర్రను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టవద్దు.

గోడకు ఆనించి నిలబెడితే వంగుతుంది. రెండు చోట్ల ఆధారమిచ్చి పడుకోబెట్టండి. ఉతికిన తెల్ల నూలు గుడ్డ కప్పండి. మన తీరపు తేమకు బయటి గోడ పక్కన అసలు పెట్టకండి. వివరాలు కర్ర మీద రాయక, నూలు దారంతో చీటీ కట్టండి.

— పాత వస్తువుల సంరక్షణ పని చేసేవాళ్లం, విజయనగరం