లేని చేతిని ఊపమంటున్న ఏఐ

సంపాదకుడు గారికి నమస్కారం. పోయిన వారం మీ స్పోర్ట్స్ పేజీలో ఏఐతో క్రీడాకారులకి ట్రైనింగ్ అని పెద్ద వార్త వేశారు, ఇవాళ తీరిక దొరికి రాస్తున్నా. అంత వార్తలో పారా పిల్లల గురించి, అంటే వైకల్యం ఉన్నా ఆటలాడే పిల్లల గురించి ఒక్క ముక్క లేదండీ.

మా మేనకోడలికి ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి లేదు, చేతి లోపం ఉన్న రన్నర్ల కేటగిరీ టీ47లో 400 మీటర్లు పరిగెడుతుంది. మొన్నామధ్య ఒక క్యాంపులో ఫోన్‌తో వీడియో తీస్తే పరుగులో తప్పులు యాప్ చెప్తుందన్నారు. స్క్రీన్ మీద ఒంటికి చుక్కలు, గీతలు పడతాయి కదా, మిగతా పిల్లలకి బాగానే పడ్డాయి, మా పిల్ల దగ్గరికొచ్చేసరికి లేని మణికట్టుకి కూడా చుక్క పెట్టేసింది, అది కాసేపు నడుం మీద, కాసేపు గాల్లో తిరిగి చివరికి ఎడమ చెయ్యి సరిగ్గా ఊపడం లేదని మెసేజ్ వచ్చింది. పిల్ల మారుమాట్లాడకుండా పక్కకెళ్లి అంత ఎండలో ట్రాక్‌సూట్ జాకెట్ వేసేసుకుంది. అక్కడున్న సారేమో సాఫ్ట్‌వేర్ అంతేనమ్మా అనేశారు.

ఎందుకంతే? ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయిని అడిగా. ఇలాంటి ఏఐ మోడల్స్ చాలావాటికి ఒంటి మీద 17 పాయింట్లు గుర్తుపట్టడం బోలెడన్ని ఫోటోలతో నేర్పిస్తారంట, వాటిలో చెయ్యి లేనివాళ్లు, బ్లేడ్ కాలుతో పరిగెత్తేవాళ్లు, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు బాగా తక్కువ. చూడని ఒంటిని అదెలా గుర్తుపడుతుంది?

నేర్పడానికి మన దగ్గర పిల్లలు లేరా? 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో మనవాళ్లు 29 మెడల్స్ తెచ్చారు, 7 గోల్డ్. అంతకు కొన్ని వారాల ముందు అదే ఊళ్లో ఒలింపిక్స్‌లో వచ్చినవి 6, గోల్డ్ లేదు. మన కల్లెడ ఊరి జీవంజి దీప్తి టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కేటగిరీ) 400 మీటర్లలో 55.82 సెకన్లకి బ్రాంజ్ తెచ్చింది, ఆ ఏడాదే జపాన్‌లోని కోబేలో పారా వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో 55.07తో వరల్డ్ రికార్డు కొట్టింది. మెడలో దండలేసి ఫోటోలు దిగిన పెద్దలు తర్వాత గ్రౌండ్ వైపు వస్తే కదా. మా దగ్గర బాత్రూమ్ ముందు రెండు మెట్లు తీసేసి ర్యాంప్ కట్టమని మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నాం, వీల్‌చైర్ పిల్లల్ని ఇప్పటికీ తల్లులే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్తున్నారు.

నా భయం ఇంకోటుంది. టోక్యో పారాలింపిక్స్‌లో మన వినోద్ కుమార్‌కి డిస్కస్‌లో వచ్చిన బ్రాంజ్ కేటగిరీకి సరిపోలేదని తీసేశారు, అది మనుషులు చూసి తేల్చింది. రేపు కేటగిరీ తేల్చడానికి కూడా ఇలాంటి మెషీన్లే పెడితే? అందుకే క్యాంపుల్లో పారా పిల్లల వీడియోలు వాళ్ల పర్మిషన్‌తో తీసి, కోచ్‌లు పక్కన కూర్చుని చుక్కలు సరిదిద్ది, వాటితో మోడల్‌కి మళ్లీ నేర్పించాలి. అప్పటిదాకా ఆ యాప్ మా పిల్లల మీద వాడొద్దు.

వచ్చే నెల సెలెక్షన్స్. పిల్ల తెల్లారి ఐదింటికే గ్రౌండ్‌కి పోతోంది, ఆ ఫోన్ ముందు మాత్రం పరిగెత్తను మామయ్యా అని నాతో గట్టిగా చెప్పేసింది.

ఇట్లు,
ఒక పారా అథ్లెట్ మేనమామ