ఫైబర్ ముట్టుకోకుండానే కాంపోజిట్స్ పాస్!

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా కాలేజీ మీద వచ్చిన వార్త చూశాను. అత్యాధునిక కాంపోజిట్స్ ల్యాబ్‌కు శ్రీకారం చుట్టారట. కాంపోజిట్స్ అంటే ఫైబర్ అనే గట్టి పోగుల్ని రెజిన్ అనే జిగురుతో పొరలు పొరలుగా అతికించి గట్టిపరిచే పదార్థాలు. ఫొటోలో రిబ్బను, శాలువాలు, కొబ్బరికాయ, ముందు వరసలో పెద్దలు అందరూ ఉన్నారు. వాళ్ల వెనక టార్పాలిన్ కప్పి ఉన్నది వ్యాక్యూమ్ పంపు. మొన్నటి సెమిస్టర్‌లో ‘కాంపోజిట్ స్ట్రక్చర్స్’ ఎలక్టివ్ పాసైనవాణ్ణి, నాకు తెలుసు. అది తిరగడం మాత్రం మా బ్యాచ్‌లో ఎవరూ చూడలేదు.

సబ్జెక్టు మంచిదే. తేజస్ విమానం బరువులో 45 శాతం, బోయింగ్ 787 బరువులో దాదాపు సగం ఈ పదార్థాలే. అందుకే ఆశపడి తీసుకున్నాం. తీరా చూస్తే సెమిస్టరంతా పలక ఎంత సాగుతుందో, ఎంత వంగుతుందో లెక్కగట్టే ‘ఏ’, ‘బి’, ‘డి’ అనే మాట్రిక్సులే (అంకెల పట్టికలే). ఏ పొరలో ఫైబర్ 0 డిగ్రీలకు, ఏ పొరలో 45కి, ఏ పొరలో 90కి ఉందో రాసుకోవడం, స్టిఫ్‌నెస్ లెక్కగట్టడం, కూడటం. మధ్య తలానికి పైనా కిందా పొరలు అద్దంలో బింబంలా ఒకేలా ఉంటే, సాగడానికీ వంగడానికీ లంకె చెప్పే ‘బి’ సున్నా అవుతుందని బట్టీ పట్టాం. లేకపోతే ఏమవుతుంది సార్ అని ఒకమ్మాయి అడిగితే, ‘ఎగ్జామ్‌కు రాదు, వదిలెయ్’ అన్నారు. ఏమవుతుందంటే, వేడిలో గట్టిపడిన ఆ పలక చల్లారేసరికి అప్పడంలా వంకర తిరుగుతుంది. అలాంటి ముక్క ఒకటి చేతిలో పెట్టి ఉంటే ఆ మాట్రిక్సు మాకు జన్మలో మరిచిపోయేది కాదు.

తప్పంతా సార్లదే అనను. ఉన్న ఒక్కాయనా ఇటు థర్మల్, అటు మా ఎలక్టివ్, మధ్యలో తనిఖీ ఫైళ్లు చూసుకోవాలి. తనిఖీ రోజున మాత్రం టార్పాలిన్ తీస్తారు, మాకు తెల్లకోట్లు తొడుగుతారు, రికార్డుల్లో చెయ్యని ప్రయోగాలకు రీడింగులు పుడతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే హాల్‌టికెట్ ఆపేయడంలో చూపే చురుకుదనం ల్యాబ్ తలుపు తియ్యడంలో చూపరు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరంలో పని మొదలుపెట్టి 1852కల్లా గోదావరికే ఆనకట్ట కట్టేశాడు. మన ల్యాబుకు త్రీఫేజ్ కరెంటు ఫైలు ఇంకా ఏ బల్ల మీద ఉందో!

అసలు బాధ ఏమిటంటే, ఈ విద్య మనకు పరాయిది కాదు. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా ఫైబర్ బోట్లు కనిపించని రేవు ఏది? మా ఊరి దగ్గర షెడ్డులో అచ్చుకు మైనం రాసి, పైపూత అయిన జెల్‌కోట్ పూసి, గాజుపోగుల మ్యాటు, దాని మీద రోవింగ్ అనే పోగుల నేత పరిచి, రెజిన్ పట్టించి, రోలరుతో గాలి బుడగలు లేకుండా నొక్కుతారు. ముసురు పట్టిన రోజు పని ఆపేస్తారు, తేమకు రెజిన్ సరిగ్గా గట్టిపడదని. ఎండ ముదిరితే రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ తగ్గిస్తారు, లేకపోతే డబ్బాలోనే వేడెక్కి గడ్డ కడుతుందని. ఇవన్నీ చెప్పిన మేస్త్రి పదో తరగతి దాటలేదు. మా పుస్తకంలో వేడితో, ఒత్తిడితో పలకల్ని గట్టిపరిచే ఆటోక్లేవ్ ఉంది, ముందే రెజిన్ పట్టించి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాల్సిన ఫైబర్ గుడ్డ, ప్రీప్రెగ్ ఉంది. ముసురు లేదు.

అక్కడికి తీసుకెళ్లమని డిపార్ట్‌మెంట్‌లో అడిగాం. ‘బోట్ల షెడ్డా? ఎంఓయూ (ఒప్పందం) ఉన్న కంపెనీ అయితే చూద్దాం’ అన్నారు. బస్సుకు డీజిల్ లేదన్నారు. అదే బస్సు ఆ వారంలోనే ఏదో ఫెస్ట్‌కు విద్యార్థుల్ని ఎక్కించుకుని వెళ్లింది లెండి.

కోరేది పెద్దదేమీ కాదు. యూనివర్సిటీ వాళ్లు ఈ సబ్జెక్టులో రెండు యూనిట్ల లెక్కలు తగ్గించి ప్రాక్టికల్ పెట్టాలి. షెడ్డులో పని నేర్చుకున్న శనివారాలకు అటెండెన్స్, మార్కులు ఇవ్వాలి. నేర్పిన మేస్త్రికి గెస్ట్ ఫ్యాకల్టీకి ఇచ్చినట్టే డబ్బులివ్వాలి. అక్కడ చేసిన పలకను కోసి తెస్తే లాగి విరగ్గొట్టడానికి సివిల్ వాళ్ల దగ్గర బలం పరీక్షించే యంత్రం, యూటీఎం ఉండనే ఉంది, నిక్షేపంగా పనిచేస్తోంది. కోనసీమలో కొబ్బరిపీచుకు కరువా? అదీ రెజిన్‌లో వేసి ఎంత బలం వస్తుందో జూనియర్లను చూడనివ్వండి. రెజిన్ డబ్బాకు డబ్బుల్లేవంటే చందాలు మేమే వేసుకుంటాం, అనుమతి కాగితం ఒక్కటి ఇప్పించండి.

– ఒక మెకానికల్ ఫైనలియర్ విద్యార్థి,
అమలాపురం