చేత్తో లాగాను రా, బెండూ!

హారిస్‌బర్గ్
జనవరి, ఆదివారం పొద్దున్న

ఒరేయ్ బెండూ,

ముందు నన్ను క్షమించు. దసరాకి నువ్వు రాసిన ఉత్తరం ఇంకా నా టేబుల్ మీదే ఉంది. సంక్రాంతికి ఫోన్ చేస్తానని చెప్పి అదీ చెయ్యలేదు. ఆఫీసులో ఏడాది చివరి పని, ఆ వెంటనే పాపకి జ్వరం, తర్వాత... సరే, ఇప్పుడు అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. చెల్లెమ్మ పంపిన సున్నుండలు వారంలో అయిపోయాయని చెప్పు. ఇంటి కబుర్లు ఇంతే. ఇంక అసలు సంగతికి వస్తాను, ఆపుకోలేకపోతున్నాను.

నిన్న నేను చేపని చేత్తో లాగాను రా! రాడ్డు పక్కన పడేసి, వట్టి తంగూసు దారం పట్టుకుని, రాజమండ్రి కోటిలింగాల రేవులో మనం లాగినట్టే. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పాప నాలుగుసార్లు చెప్పించుకుంది. అయినా నీకు చెప్తే గానీ నాకు తీరదు.

మా ఆఫీసు పెద్దాయన గురించి ఇదివరకు రాశాను కదా. పుట్టిందీ పెరిగిందీ ఈ సస్క్వెహానా నది ఒడ్డునే. చలికాలం చేపలకి రమ్మని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. నిన్న వెళ్ళాను. మా ఊరి దగ్గర నది మైలు వెడల్పుంటుంది కానీ చాలాచోట్ల నడుం లోతు కూడా ఉండదు, అడుగంతా రాతి పలకలు. మామూలు మోటారు పెడితే రెక్కలు విరిగిపోతాయని, నీళ్ళు పీల్చి వెనక్కి చిమ్మే జెట్ మోటారు పెట్టుకుంటారు. పడవ ఎక్కగానే ఆయన చేసిన మొదటి పని నాకు లైఫ్ జాకెట్ తొడిగి పట్టీలు లాగి చూడటం. చిన్న పడవల్లో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా అది వేసుకుని తీరాలని ఇక్కడ చట్టం. ఆ నీళ్ళలో పడితే ఈత వచ్చినా చేతులు పనిచెయ్యవట. నువ్వూ, ఆ కార్తీక మాసం అరటి దొప్పా గుర్తొచ్చాయి. కంగారుపడకు, ఆయనకి చెప్పలేదు.

రాక్‌విల్ వంతెన కనిపించే చోట ఒక లంక వెనక లంగరు వేశాం. రైలు వంతెనే, 48 రాతి కమానులు, 1902లో కట్టింది. మన గోదావరి మీద పాత రైలు వంతెన 1900 కదా, అంటే దాదాపు ఒక ఈడువే. మన దాని మీద 1997లో రైళ్ళు ఆగిపోయాయి, దీని మీద ఇంకా గూడ్సులు పోతున్నాయి. ఆ చప్పుడు నీళ్ళ మీదుగా వస్తుంటే ఒక్క నిమిషం గాలం సంగతే మర్చిపోయాను. నాన్న సైకిలు, రేవు మెట్లు, ఆ తడి వాసన... సరే, చేప దగ్గరికి వస్తాను.

దాని పేరు స్మాల్‌మౌత్ బాస్. కంచు రంగు ఒళ్ళు, నిలువు చారలు, ఎర్రటి కన్ను. ఇది ఈ నదిలో పుట్టిన జాతి కాదు రా, 19వ శతాబ్దంలో మనుషులు తెచ్చి వదిలారట. అది విన్నాక ఎందుకో ఇంకా ఇష్టం కలిగింది. ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ... అది ఇంకోసారి రాస్తాను. వేసవిలో గాలం తగిలితే నీళ్ళలోంచి ఎగిరి పడుతుంది. చలికాలం వేరే చేపేమో అనిపిస్తుంది. నీళ్ళు చల్లబడేకొద్దీ దాని ఒళ్ళూ చల్లబడుతుంది, ఆకలి తగ్గిపోతుంది. నీళ్ళు 10 డిగ్రీల కిందకి దిగాక వడి లేని లోతు మడుగులకి చేరి గుంపుగా ఉండిపోతాయి. నిన్న నీళ్ళు 4 డిగ్రీలు. ముక్కు ముందు ఎర పెట్టినా వెంటనే కదలవు.

అందుకని ఎరని కదపకుండా ఉంచడమే అసలు పని. సీసపు తలకి జింక తోక వెంట్రుకలు కుచ్చుగా కట్టిన చిన్న జిగ్ అది. అడుగుకి దింపి ఇరవై లెక్కపెట్టాలి. బెత్తెడు జరిపి మళ్ళీ ఇరవై. పారే నీటికి ఆ వెంట్రుకలు వాటంతటవే కదులుతుంటే చేప చూస్తూ ఉంటుందట. పెద్దాయనకి నేను నేర్పిన తెలుగు మాట ఒక్కటే, 'ఆగు'. నా చెయ్యి తొందరపడితే చాలు, వెనకనుంచి "ఆగూ" అంటాడు. అచ్చం మీ నాన్నే. బాబాయి పోయాక ఆ మాట ఆ గొంతుతో మళ్ళీ ఎవరూ అనలేదు నాతో.

దీనికి నీళ్ళ మీద తేలే బెండు ఉండదు కాబట్టి అంతా వేలి మీదే తెలియాలి. మొదటిది తడి ఆకు అంటుకున్నంత బరువు తగిలింది, రాయనుకుని ఊరుకున్నాను, పోయింది. గాలి చలి సున్నాకి కింద. తంగూసు వెంట వచ్చే నీళ్ళు రాడ్డు కొస రింగులో గడ్డకట్టేస్తాయి, మాటిమాటికీ రాడ్డు నీళ్ళలో ముంచి కరిగించుకోవాలి. తెల్లతల గద్ద ఒకటి మా పక్కనుంచే పోయింది. దాన్ని చూస్తూ ముంచడం మర్చిపోయాను. సరిగ్గా అప్పుడు మళ్ళీ ఆ తడి ఆకు బరువు! ఈసారి గుంజాను. బరువు కదిలింది రా!

రీలు తిప్పితే రాలేదు. రింగు నిండా మంచు, తంగూసు అటూ పోదు, ఇటూ రాదు. చేప నేరుగా లంగరు తాడు వైపు పోతోంది. పెద్దాయన కొసని నీళ్ళలో ముంచమని అరుస్తున్నాడు, దానికి టైం లేదు. రాడ్డు పక్కన పడేసి, కొస దాటి తంగూసు పట్టుకున్నాను. అనుకుని చేసింది కాదు, చేతులు వాటంతటవే పోయాయి. "అది లాగితే ఇవ్వు, ఆగితే తీసుకో" అనేవాడు కదా బాబాయి, అదే. మూర తీసుకున్నాను, జానెడు ఇచ్చాను. తల విదిలించడం, అడుగుకి దిగాలని చూడటం, అలిసిపోవడం, అన్నీ వేళ్ళకి తెలిశాయి. చిటికెన వేలు తెగింది, జెల్ల చేప ముల్లు దిగిన వేలే! పైకి వచ్చేసరికి పెద్దాయన వల పెట్టాడు. 20 అంగుళాలు. ఈ నదిలో అంత అవ్వాలంటే పదేళ్ళు పట్టొచ్చన్నాడు.

వండుకున్నావా అని అడుగుతావు, తెలుసు. పులస కాదు రా ఇది, పుస్తెలమ్మినా ఇంటికి తెచ్చుకోకూడదు. 2005 నుంచి ఇక్కడ పిల్ల చేపలు జబ్బులతో చాలా చచ్చిపోయాయి. అందుకే నదిలో ఈ ముక్కలో బాస్ పడితే అక్కడే వెంటనే వదిలెయ్యాలి. పొడి చేతులు తగిలితే దాని ఒంటి జిగురు ఊడిపోతుంది, అందుకని ఆ నీళ్ళలో చేతులు తడుపుకున్నాను. ఎముకల దాకా పోయింది చలి. నీళ్ళలో పట్టుకుంటే కాసేపు అలాగే ఉంది. నేనూ కదల్లేదు. తర్వాత ఒక్కసారి తోక ఆడించి కిందకి పోయింది.

పెద్దాయన తన గ్లవ్స్ తీసి నా చేతులకి తొడిగి, "ఎవరు నేర్పారు?" అని అడిగాడు. చెప్పాను. బాబాయి, రేవు, పాలడబ్బాకి చుట్టిన తంగూసు, నువ్వు. గొంతు పట్టేసింది మధ్యలో. ఆయన అంతా విని, తన రాడ్డు పక్కన పెట్టి, నాకూ చూపించు అన్నాడు. ఇరవై ఏళ్ళ పైనుంచి ఇక్కడ చేపలు పడుతున్న మనిషి! వట్టి తంగూసు వేలికి చుట్టి దింపాడు. పది నిమిషాలయ్యాక ఆయన చెయ్యి కదిలింది, నేను "ఆగు" అన్నాను, అప్పుడు చూడాలి నువ్వు...

అయ్యో, పాప కూచిపూడి క్లాసుకి టైమైపోయింది, బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడింది. మిగతాది ఈ వారమే రాస్తాను, ఒట్టు. ఆ పాలడబ్బా మీ అటక మీద ఇంకా ఉందేమో చూడు. ఉంటే పారెయ్యకు.

నీ
జెల్ల