విశాఖ పెదవాల్తేరు నుంచి అమ్మ

అమ్ములూ,

"ఇంట్లో కూర్చుని నవల రాసుకోలేవా అమ్మా, ఇల్లు ఖాళీయేగా" అన్నావు. ఖాళీ ఇల్లే ఎక్కువ పని చెబుతుందే! కలం పట్టుకోగానే మినప్పప్పు నానబోయలేదని గుర్తొస్తుంది, ఆ వెనకే గ్యాస్ బుక్ చెయ్యలేదని. మీ నాన్న పాపం ఏమీ అనరు, గంటకోసారి వచ్చి "డిస్టర్బ్ చేస్తున్నానా?" అని మాత్రం అడుగుతారు. అందుకే బ్యాంకు ఆంటీ కూతురి పురిటికి అమెరికా వెళ్తూ ఫ్లాట్ తాళాలు ఇస్తానంటే వద్దనలేదు. ఎవరి మీదా అలిగి రాలేదు. పిన్నికి కూడా ఆ మాట చెప్పు, దానికి టెన్షన్ ఎక్కువ.

సముద్రం ఎదురుగా కూర్చుని రాస్తున్నానని ఊహించుకోకు. ఇక్కడ సముద్రం తూర్పున. పొద్దున్న ఏడింటికే నీళ్ల మీంచి ఎండ కళ్లలోకి కొడుతుంది, మధ్యాహ్నం దాకా బాల్కనీ కర్టెన్ తియ్యలేం. టేబుల్ వెనక గదిలో వేసుకున్నాను. కిటికీలోంచి కనబడేది పార్కింగూ, ఓ మునగచెట్టూ. రాతకి అదే మేలు. ఉప్పుగాలి మాత్రం ఎక్కడున్నా వదలదు. ఊచల మీద పెయింటు పొరలుగా లేచి, ముట్టుకుంటే తుప్పు రాలుతోంది. అప్పడాలు వేయించిన కాసేపటికే మెత్తబడిపోతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు బాల్కనీ తలుపు అద్దాలు పగిలి హాల్లో పడ్డాయట. "గాలి మొదలైతే ముందు ఆ తలుపు వెయ్యి" అని ఆంటీ ఫ్రిజ్ మీద చీటీ అంటించి మరీ వెళ్లింది.

సాయంత్రాలు జాలరిపేట వైపు నడుస్తాను. నవల అక్కడిదే కదా. వచ్చిందేమో వేట నిషేధంలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరబోట్లని వేటకి వెళ్లనివ్వరు. పడవలు బయల్దేరడం చూద్దామనుకున్నదాన్ని, ఉసూరుమనిపించింది. కానీ వేట రోజుల్లో నాతో కబుర్లాడే తీరిక ఎవరికుంటుంది? ఒక పెద్దాయన ఇసకలో కూర్చుని, చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, ఒక్కో కన్నూ ముడేస్తూ పోతాడు. చూపు నా మీదే ఉంటుంది, వేళ్లు వాటి పని అవి చేసుకుంటాయి. "ఏటమ్మా, రోజూ వచ్చి కూకుంటన్నావు, మీ ఇంట్లో ఏటీ అనరా?" అన్నాడు. నీకు చుట్టమేమో!

వాళ్లావిడ ఈ రెండు నెలలూ ఎండుచేపలు అమ్ముతుంది. అప్పు ఎవరి దగ్గర తెస్తారు, వేట మొదలయ్యాక ముందు ఎవరికి తీరుస్తారు, ఎవరిని ఇంకో నెల ఆగమంటారు, అన్నీ వేళ్ల మీద లెక్కేసి చెప్పింది. ఆ లెక్కతోనే నాకు ఆగిపోయిన అధ్యాయం కదిలింది. ఆవిడ పేరు మార్చి రాస్తానంటే, "మార్చకు, నేనేం తప్పు చేశాను?" అంది. ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.

పుస్తకం ఎప్పుడవుతుందని మాత్రం అడగకు. రావాలనుంటే జూన్ ఆఖరుకి రా. నిషేధం అవగానే వెళ్లిన బోట్లు రోజుల తరబడి సముద్రంలోనే ఉంటాయి, అప్పటికి తిరిగొస్తాయి. తెల్లారుజామునే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్దాం. వంజరం దొరికితే పులుసు నేను పెడతాను, బేరమాడి ముక్కలు కొట్టించడం నీ పని. నల్ల రీఫిళ్లు ఒక ప్యాకెట్ పట్రా, ఇక్కడి షాపులో అన్నీ నీలమే.

అమ్మ