బస రసీదు లేని 27 రాత్రులు

సంపాదకులకు నమస్కారం.

నేను సముద్రశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పోయిన ఏడాది గోవాలో పరిశోధన ఓడ ఎక్కి మారిషస్‌లోని పోర్ట్ లూయీలో దిగాను. మధ్యలో 27 రోజులు కాలు నేల మీద పెట్టలేదు. తిరుగు విమానం టికెట్ డబ్బులు ఇట్టే వచ్చాయి. నీళ్ల మీదున్న రోజుల డీఏ (రోజువారీ ఖర్చుల భత్యం) మాత్రం నా ఫెలోషిప్ చూసే ఆఫీసు ఆపేసింది. ఫైలు మీద కొర్రీ ఒక్క ముక్క: "బస, భోజన రసీదులు జతపరచలేదు". మెస్ డబ్బులు మేమే కట్టాం. కెప్టెన్ సంతకం చేసిన కాగితం పెట్టాను. దాని మీద జీఎస్టీ నంబరు లేదట! సెక్షన్‌లో ఒకాయన నవ్వుతూ, "షిప్పులో టూరు కొట్టొచ్చి డీఏ కూడానా అమ్మా?" అన్నారు. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఆ "టూరు" అన్న మాటకి నాకు ఒళ్లు మండింది.

నా డ్యూటీ పగలు 12 నుంచి 4, మళ్లీ రాత్రి 12 నుంచి 4. మొదటి మూడు రోజులు మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు. వంటాయన ఇంత మజ్జిగన్నం తెచ్చిపెట్టి, ఖాళీ కడుపుతో పడుకుంటే ఇంకా తిప్పుతుందని తినేదాకా కదల్లేదు. కంచాలు జారకుండా బల్ల మీద తడిగుడ్డ పరిచేవాళ్లు. ఓడ ఊగినప్పుడు దొర్లిపడకుండా పరుపు అంచు కింద లైఫ్ జాకెట్ దూర్చి, గోడకీ పరుపుకీ మధ్య ఇరుక్కుని పడుకోవడం నాలుగో రోజుకి గానీ అలవాటు కాలేదు. మారిషస్ టైముకి సరిపెట్టడానికి మూడుసార్లు అరగంట చొప్పున గడియారం వెనక్కి తిప్పారు. ఒకసారి అది నా డ్యూటీలోనే పడింది. ఆ అరగంటకీ రసీదు లేదు.

పని అంటే ప్రధానంగా నీళ్లు తోడటమే. చుట్టూ పెద్ద సీసాలు బిగించిన ఇనుప చట్రాన్ని వించ్‌తో (తీగ చుట్టే యంత్రంతో) సముద్రంలోకి దించుతారు. ఉప్పదనం, వేడి, లోతు కొలిచే సీటీడీ అనే పరికరం దానికే ఉంటుంది. 3,800 మీటర్ల లోతుకి దిగి, ఆగాగి సీసాలు మూసుకుంటూ పైకి రావడానికి మూడు గంటలకు పైనే పట్టేది. డెక్ మీద చెమటలు కారుతుంటే, అడుగున నీళ్లు రెండు డిగ్రీలకు లోపే. సీసా పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. ముందు ఆక్సిజన్ నమూనా పట్టాలి, ఆలస్యమైతే గాలి కలిసిపోతుంది. రబ్బరు గొట్టంలో ఒక్క బుడగ కనిపించినా పారబోసి మళ్లీ పట్టాలి. ఓడ ఒరిగినప్పుడల్లా బుడగ వచ్చేది. ఒక రాత్రి ఒకే సీసా దగ్గర నాలుగుసార్లు పారబోశాను. ఏడుపొచ్చింది.

సరదా లేదని అనను. టీ తాగే థర్మోకోల్ కప్పు మీద మా అమ్మ పేరు రాసి, సంచిలో వేసి చట్రానికి కట్టాం. లోతులో నీటి ఒత్తిడికి నలిగి, పైకి వచ్చేసరికి అది కుట్టుపని చేసేవాళ్లు వేలికి తొడుక్కునే టోపీ అంత అయింది, అక్షరాలు కూడా అంతే చిన్నవై. ఇప్పుడది మా దేవుడి గూట్లో ఉంది.

దారిలో ఆర్గో ఫ్లోట్లు అనే, వాటంతటవే సముద్రాన్ని కొలిచే పరికరాలు కూడా వదిలాం. అవి సుమారు వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పదిరోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, కొలతలు తీసుకుంటూ పైకి తేలి, వాటిని ఉపగ్రహానికి పంపుతాయి. ఆ సమాచారం హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు చేరుతుంది. వాటి బసకి మాత్రం ఎవరూ రసీదు అడగరు.

1950ల్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులు, అమెరికా నుంచి వచ్చిన ప్రొఫెసర్ లాఫాండ్ వెంట నౌకాదళ ఓడలెక్కి బంగాళాఖాతంలో ఇదే పని చేశారు. వాళ్లకి ఏ కొర్రీ వేశారో!

నేను అడిగేది పెద్ద విషయం కాదు. సముద్రం మీద గడిపిన రోజులకు కెప్టెన్ ఇచ్చిన ధ్రువపత్రమే బస రసీదుగా చెల్లుతుందని నిబంధనల్లో ఒక వాక్యం చేర్చండి. నా తర్వాత ఓడ ఎక్కబోయే జూనియర్లు ఇద్దరు ఇప్పటికే అప్పు కోసం తిరుగుతున్నారు.

మూడోసారి బిల్లు నిన్ననే పంపాను. ఫారంలో "రాత్రి బస చేసిన చోటు" అన్న గడి ఉంది. ఓడ లాగ్‌బుక్ చూసి 27 వరుసలూ నింపాను. పదహారో వరుసలో ఇలా ఉంది: దక్షిణ అక్షాంశం 8 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 65 డిగ్రీలు.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
విశాఖపట్నం