నదికి సరిహద్దు తెలియదు

సంపాదకులకు,

యాంటీబయాటిక్ మాత్రలు పనిచేయడం లేదంటే తప్పంతా రోగిదే అన్నట్టు మాట్లాడటం అలవాటైపోయింది. మధ్యలో మానేస్తే ముప్పే, కాదనను. కానీ పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసి వదిలిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు! అలాంటి నీళ్లలో మందుకు లొంగని బ్యాక్టీరియాయే మిగులుతుంది. ఆ లొంగని గుణాన్నిచ్చే జన్యువులను పక్కనున్న వేరే జాతులకూ పంచుతుంది. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 తుది నిబంధనల్లో అవి మాయమయ్యాయి.

ఒడిశాలోని మా పర్లాకిమిడి పక్కన పారే మహేంద్రతనయ నది ఆంధ్రలోని శ్రీకాకుళం జిల్లాలోకి వెళ్లి వంశధారలో కలుస్తుంది. ఆసుపత్రుల మురుగు, కోళ్ల ఫారాల వ్యర్థాలు, ఇళ్లలో పారేసే పాత మాత్రలు ఏట్లో చేరితే అటువైపు వాళ్లకూ వాటా తప్పదు. కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని 2019లోనే నిషేధించారు, అమలు ఎవరు చూస్తున్నారో మరి. ఒడిశా, ఆంధ్ర కాలుష్య నియంత్రణ మండళ్లు కలిసి ఈ నీటిని యాంటీబయాటిక్‌ల కోసం పరీక్షించి, ఫలితాలను తెలుగులోనూ ఒడియాలోనూ ప్రకటించాలి.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా