రూతు కథా చిత్రం: జమా ఖర్చుల వివరణ

దాతలకు, సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

బైబిలులోని రూతు గ్రంథాన్ని ఈ కాలంలో జరిగే ప్రేమకథగా తీయాలని మీ అందరి సాయంతో మొదలుపెట్టిన సినిమా పూర్తయింది. ఫైనల్ కాపీ చేతికి వచ్చింది. తొలి ప్రదర్శన కంటే ముందే లెక్క మీ ముందు పెట్టాలని కమిటీ నిర్ణయించింది. సినిమా నచ్చాక లెక్క అడగడానికి మొహమాటపడతారు, నచ్చకపోతే లెక్క మీద కూడా అనుమానం వస్తుంది. రెండూ వద్దు. ముందు లెక్క చూడండి, తర్వాత సినిమా చూడండి.

విరాళాలు చాలా దేశాల నుంచి, రకరకాల కరెన్సీల్లో వచ్చాయి. మారకం రేటు రోజుకోలా ఉంటుంది కాబట్టి ఇక్కడ మొత్తం జమను 100 పాళ్లుగా తీసుకుని చెబుతున్నాం. అసలు మొత్తాలు, తేదీలు, రసీదు నంబర్లు ఉన్న పూర్తి పట్టికను దాతలందరికీ విడిగా పంపాం. పట్టిక అంకెలు మాత్రమే చెబుతుంది. ఎందుకు అంత అయిందో చెప్పడానికే ఈ వివరణ.

జమ: వ్యక్తులు ఇచ్చిన విరాళాలు 62 పాళ్లు, సంఘాల కానుకలు 26, ఎడిటింగ్ దశలో ప్రివ్యూ చూసినవారు ఇష్టపూర్వకంగా ఇచ్చినది 12. వ్యక్తులిచ్చిన 62 పాళ్లలో ఎక్కువ భాగం చిన్న చిన్న మొత్తాలే, నెలనెలా వచ్చినవే. ఒకేసారి పెద్ద మొత్తం వచ్చి ఉంటే పని తేలికయ్యేదేమో కానీ, ఇంతమంది చేతులు పడ్డాయన్నదే మాకు ఎక్కువ ధైర్యమిచ్చింది.

పెద్ద మొత్తం ఒకటి వచ్చింది కూడా. దాన్ని వెనక్కి పంపాం, అందుకే జమలో కనిపించదు. దానికి పెట్టిన షరతు ఏమిటంటే, రూతు అత్త నయోమి తిరిగి సొంత ఊరు చేరినప్పుడు దేవుని మీద చెప్పుకునే బాధను తీసేయాలి. చూసేవారి విశ్వాసం దెబ్బతింటుందని ఆ దాత భయం. వారి మనసు మంచిదే. కానీ భర్తను, రూతు భర్తతో సహా ఇద్దరు కొడుకులను పరాయి దేశమైన మోయాబులో పోగొట్టుకుని వచ్చిన తల్లి, తనను నయోమి అనొద్దు, మారా (చేదు అని అర్థం) అని పిలవండని, సర్వశక్తుడు తనకు చాలా దుఃఖం కలిగించాడని మొదటి అధ్యాయంలోనే అంటుంది. లేఖనం దాచని మాటను మేము దాచలేం. ఆ మాట లేకపోతే నాలుగో అధ్యాయంలో రూతు కొడుకు ఓబేదును ఆమె ఒడిలోకి తీసుకోవడానికి అర్థం ఉండదు. షరతు లేకుండా ఇస్తే తీసుకుంటామని మర్యాదగా రాశాం. ఆ దాత కూడా మర్యాదగానే జవాబిచ్చారు.

ఇక ఖర్చు. అన్నిటికంటే పెద్దది నటులు, సిబ్బంది వేతనాలు: 35 పాళ్లు. విశ్వాసంతో తీసే సినిమాకు అందరూ ఉచితంగా పనిచేయొచ్చు కదా అని చాలామంది అడిగారు. దీనికి కమిటీ జవాబు కాస్త వివరంగా చెప్పాలి.

రూతు కథ నిలబడింది పరిగె మీద, అంటే కోతలో మిగిలిపోయిన వెన్నుల మీద. పొలం అంచుల దాకా కోయకూడదు, కోతలో పడిపోయిన వెన్నులు ఏరుకోకూడదు, అవి బీదలకూ పరదేశులకూ వదిలేయాలి అన్న ఆజ్ఞ లేవీయకాండం 19వ అధ్యాయం 9, 10 వచనాల్లో ఉంది. ఆ ఆజ్ఞ లేకపోతే రూతు, తర్వాత తనను పెళ్లాడిన బోయజు పొలంలో అడుగుపెట్టేదే కాదు. అదే అధ్యాయం 13వ వచనంలో, కూలివాడి కూలి మరునాటి ఉదయం దాకా దగ్గర ఉంచుకోకూడదని ఉంది. 35, 36 వచనాల్లో కొలతల్లో, తూకాల్లో అన్యాయం చేయకూడదని ఉంది. పరిగె గురించి సినిమా తీస్తూ, నాలుగు వచనాల కిందున్న కూలి మాటను పక్కన పెడితే ఆ సినిమాకు అర్థమేముంది? అందుకే తొలి సమావేశంలోనే తీర్మానం రాసుకున్నాం: రోజువారీ సిబ్బందికి ఆ రోజు ప్యాకప్ చెప్పే లోపు డబ్బు చేతికి అందాలి. లైట్లు మోసేవారు, మేకప్, డ్రైవర్లు, వంట, జూనియర్ ఆర్టిస్టులు, అందరికీ ఇదే పద్ధతి. రిజిస్టర్‌లో సంతకం పక్కన సమయం కూడా రాయించాం. ఉచితంగా చేస్తామన్నవారికి కూడా ముందు వేతనం ఇచ్చాం. వాళ్లు తిరిగి కానుకగా ఇస్తే జమలో విరాళంగా చూపించాం. దీనివల్ల రెండు వైపులా అంకె కాస్త పెరిగింది కానీ, ఎవరి శ్రమ ఎంతో కనిపిస్తోంది.

కెమెరా, లెన్సులు, లైట్ల అద్దె, లొకేషన్లు: 17 పాళ్లు. ఇందులో ఎక్కువ భాగం గోదాముకే పోయింది. మా కథలో పొలం లేదు. రూతు కూరగాయలు, పండ్లు గ్రేడింగ్ చేసి పంపే పెద్ద గోదాములో రాత్రి షిఫ్టులో పనిచేస్తుంది. మచ్చ ఉందని, వంకర ఉందని పక్కన పడేసిన సరుకును ఇంటికి తీసుకెళ్లనిస్తారు. అదే ఆమె పరిగె. అడిగినప్పుడు కాదనకపోవడం సూపర్‌వైజర్ మంచితనం. కానీ బోయజు ఆమె గురించి తెలుసుకున్నాక, మంచి సరుకులో కొంత కావాలనే ఆ బుట్టలో వేయమని పనివాళ్లకు చెబుతాడు. రెండో అధ్యాయంలో బోయజు, పనల్లోంచి కొన్ని పరిగెలు ఆమె కోసం కావాలని పడేయమన్నట్టే. రూతుకు ఆ సంగతి తెలియదు. ఇంటికి వెళ్లి సంచి తిరగేస్తే, అడుగున ఒక్క మచ్చ కూడా లేని దానిమ్మలు నాలుగు దొర్లుకుంటూ బయటపడతాయి. నయోమి ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, ఎవరి దగ్గర పనిచేశావమ్మా అని అడుగుతుంది. సినిమాలో ప్రేమ మొదలయ్యేది అక్కడే. హీరో, హీరోయిన్ ఒకే ఫ్రేములో లేని సీన్‌లో.

బోయజు తన పనివాళ్లకు ఇంకో మాట కూడా చెబుతాడు, ఆమె జోలికి వెళ్లొద్దని. వేరే పొలానికి వెళితే ఏమైనా జరగొచ్చని నయోమి కూడా భయపడుతుంది. ఒంటరి ఆడమనిషి పని చేసే చోట భద్రత అన్నది రూతు గ్రంథంలో ఎక్కడో మూల ఉన్న విషయం కాదు. అందుకే భోజనాలు, ప్రయాణాల కింద అయిన 8 పాళ్లలో, రాత్రి షూటింగులు అయ్యాక మహిళా సిబ్బందిని ఇళ్లకు చేర్చిన వాహనాల అద్దె కూడా ఉంది. దాన్ని తగ్గించొచ్చని ఎవరైనా అనుకుంటే, కమిటీ ఒప్పుకోదు.

ధ్వనికి 12 పాళ్లు అంటే కొందరికి ఎక్కువ అనిపించవచ్చు. చూసేవారు మసక బొమ్మనైనా భరిస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. పైగా ఈ కథలో పెద్ద సంఘటనలన్నీ మాటలే. ఎక్కడికి వెళ్తే అక్కడికి వస్తానని రూతు అత్తగారితో చెప్పే మాట బస్టాండులో పెట్టాం. వెనుక ఇంజిన్లు, కండక్టర్ల కేకలు. గోదాములో శీతల యంత్రాల హోరు ఆపడానికి వీల్లేదు, ఆపితే సరుకు పాడవుతుంది. సౌండ్ రికార్డిస్టు ప్రతి సీన్ అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి, ఒక నిమిషం పాటు ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకునేవారు. మాటల మధ్య అతుకులు కనపడకుండా ఎడిటింగ్‌లో వాడేది దాన్నే. అలా అయినా కాని సీన్లకు డబ్బింగ్ చేశాం. రూతు పాత్రధారిణికి మన భాష యాస పూర్తిగా పట్టుబడలేదు కాబట్టి వేరే గొంతు పెట్టమని ఒక సూచన వచ్చింది. దర్శకుడు ఒప్పుకోలేదు, మేమూ ఒప్పుకోలేదు. గ్రంథం ఆమెను మళ్లీ మళ్లీ మోయాబీయురాలు, అంటే పరదేశి అనే పిలుస్తుంది. పెళ్లి మాట వచ్చిన నాలుగో అధ్యాయంలో కూడా. ఆ యాస ఉండాల్సిందే.

సంగీతం, హక్కులు: 9 పాళ్లు. పాత కీర్తన వాడుకోవడానికి డబ్బెందుకని చాలామంది అడిగారు. కీర్తన రాసినవారి హక్కుల కాలం తీరిపోయి ఉండవచ్చు. కానీ ఎవరో పాడి రికార్డు చేసినదాన్ని వాడుకుంటే ఆ రికార్డింగ్‌కు వేరే హక్కు ఉంటుంది. దాని అనుమతి విడిగా తీసుకోవాలి. అందుకని కీర్తనను మేమే కొత్తగా పాడించాం. గాయకులకు, వాద్యకారులకు వేతనం, స్టూడియో అద్దె ఇందులోవే. రాతపూర్వక ఒప్పందాలు అన్నీ ఫైల్లో ఉన్నాయి. రేపు సినిమాను ఎక్కడ పెట్టినా హక్కుల పేరుతో ఎవరూ ఆపలేరు.

స్క్రిప్టుకు అయినది 4 పాళ్లే, అయినా సమయం ఎక్కువ పట్టింది దానికే. మూడో అధ్యాయంలో రూతు రాత్రివేళ కళ్లానికి వెళ్లి బోయజు కాళ్ల దగ్గర పడుకోవడం, ఈ కాలంలో ఎలా చూపించాలి? కొందరు పెద్దలు ఆ సీనే వద్దన్నారు. కొందరు యువకులు దాన్ని మామూలు సినిమా రొమాన్సులా తీయమన్నారు. సంఘాల్లోని మహిళలతో స్క్రిప్టు చదివించాం. వాళ్లు చెప్పింది సూటిగా ఉంది: ఆమె అడుగుతున్నది మోజు కాదు, బాధ్యత, దాన్ని ఆమే నోరు తెరిచి అడుగుతోంది. ఆ సీన్ ఇప్పుడు గోదాము లోడింగ్ గట్టు మీద, తెల్లవారుజామున, చివరి లారీ వెళ్లాక జరుగుతుంది. ఇద్దరి మధ్యా ఒక మనిషి కూర్చునేంత ఖాళీ. ఆమె అడుగుతుంది. అతను ఆమెను దీవించి, ఆ బాధ్యత తీసుకోవడానికి తనకంటే దగ్గరి బంధువు ఇంకొకడున్నాడని, ముందు అతన్ని అడగాలని నిజం చెబుతాడు. ప్రేమించినవాడు మొదట చేసిన పని, తనకు అడ్డొచ్చే నిజాన్ని చెప్పడం. ఈ సీన్ కోసమైనా సినిమా చూడమని అడుగుతున్నాం.

ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దల ముందు జరిగిన విడిపింపు, అంటే నయోమి కుటుంబ భూమిని, రూతును బోయజు తన బాధ్యతగా తీసుకోవడం, మా కథలో రిజిస్ట్రారు ఆఫీసులో జరుగుతుంది. చెప్పు తీసి ఇవ్వడానికి బదులు సంతకం. సెట్టు వేయలేదు, ఖాళీగా ఉన్న ఒక ఆఫీసు గదిని వాడుకున్నాం. అందువల్ల ఖర్చు తగ్గింది.

ఎడిటింగ్, కలర్, హార్డ్ డిస్కులు 7 పాళ్లు. ఫుటేజీ మూడు కాపీలుగా ఉంది, ఒకటి వేరే ఊళ్లో. సబ్‌టైటిళ్లు, ప్రదర్శన కాపీలు 5.

షూటింగ్ మధ్యలో అద్దెకు తెచ్చిన జనరేటర్ ఆగిపోయి ఒక రాత్రి పని మొత్తం పోయింది. సిబ్బందికి ఆ రాత్రి వేతనం పూర్తిగా ఇచ్చాం, వాళ్ల తప్పు కాదు కాబట్టి. జనరేటర్ అద్దెకిచ్చినవారు అద్దెలో సగం తిరిగి ఇచ్చారు. దాన్ని అద్దె ఖర్చులోంచి తగ్గించి చూపించాం, జమలో కలపలేదు.

మొత్తం ఖర్చు 97 పాళ్లు. నిల్వ 3. ఎవరికీ బాకీ లేదు. కమిటీ సభ్యులెవరూ ఈ నిధి నుంచి వేతనం గానీ ప్రయాణ ఖర్చు గానీ తీసుకోలేదు. ఖాతాలోంచి డబ్బు తీయడానికి ప్రతిసారీ ఇద్దరి సంతకాలు ఉన్నాయి. కమిటీతో సంబంధం లేని ఆడిటర్ ఒకరు లెక్కలు చూసి సంతకం చేశారు.

మిగిలిన 3 పాళ్లను వినికిడి లోపం ఉన్నవారి కోసం శబ్దాల వివరణతో కూడిన సబ్‌టైటిళ్లకు వాడాలని కమిటీ ప్రతిపాదన. మూడో అధ్యాయం సీన్‌లో దూరంగా లారీ వెళ్లిపోతున్న శబ్దం తెలియకపోతే, వాళ్లిద్దరూ ఒంటరిగా మిగిలారన్న సంగతి వారికి అందదు. దీనికి దాతల అంగీకారం కావాలి. ప్రదర్శనల్లో వచ్చే కానుకలు ఎటు వెళ్లాలన్నదీ మీరే చెప్పాలి. వితంతువులైన తల్లులకు, ఇల్లు పోగొట్టుకున్నవారికి వెళ్లాలని కొందరు, తర్వాతి సినిమాకు దాచాలని కొందరు అంటున్నారు. మీ అభిప్రాయం రసీదు నంబరుతో రాసి పంపండి. ఎంత ఇచ్చినా ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు.